ఒడ్డున దిగిన ఇంజను

పూర్ణబోధ స్వామివారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కండువా భుజాన వేసుకుని "పద నాయనా, అలా వెళ్ళొద్దాం" అనేవారు. ఎక్కడికని అడగకూడదు. అడిగినా చెప్పరు.

వారి ఆశ్రమం గోదావరి మధ్యలో ఉన్న గువ్వలలంకలో ఉండేది. ఇదిగో, మీరిప్పుడు నా ఎదుట కూర్చున్నట్టే, ఒక తెల్లవారుజామున నీలకంఠం అనే శిష్యుడు వారి ఎదుట కూర్చున్నాడు. ఇతను అంతకుముందు మరో గురువుగారి దగ్గర చాలాకాలం ఉన్నవాడు. ఆయన కాలం చేశాక ఇక్కడికి చేరాడు. ఆయన నేర్పిన జపమూ, స్వామివారు నేర్పిన ధ్యానమూ రెండూ చేస్తున్నాడు. ధ్యానంలో కూర్చుంటే చెయ్యి జపమాల వెతుక్కుంటుంది.

"స్వామీ, మీరు చెప్పింది నాలో నిలవడం లేదు. పాతది వదిలేద్దామంటే, నన్ను మనిషిని చేసిన గురువుకు ద్రోహం చేసినట్టుంటుంది. ఏం చెయ్యమంటారు?"

స్వామివారు కండువా భుజాన వేసుకున్నారు.

ఇద్దరూ రేవుకి వచ్చేసరికి ఓలేటి నూకరాజు పడవలోకి పూలబుట్టలు ఎక్కుతున్నాయి. అమ్మా, ఈ నూకరాజు గురించి మీకు చెప్పాలి. అతని తండ్రి ఆ పడవ వెనక డీజిలు ఇంజను బిగించాడు. ఒకసారి పెద్ద వరదొస్తే, లంక లంకంతా ఆ ఇంజను మీదే అవతలి ఒడ్డుకు చేరి ప్రాణాలు దక్కించుకుంది. అందుకని ఏటా దసరాకి నూకరాజు దానికి పసుపు రాసి, బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టేవాడు. "మా తల్లి" అనేవాడు గానీ ఇంజను అనేవాడు కాదు.

అయితే లంకలో పండేవి పూలు, అవి పోయేది అవతలి ఒడ్డు గుడికి. ఆ తల్లి పొగంతా బుట్టల మీదికే వచ్చేది. పూలతోట పాపాయమ్మ నోరు ఊరుకునేదా? "పాపం అవతలొడ్డున దేవుడికి మల్లెపూల వాసన ఎలా ఉంటుందో ఈ జన్మకి తెలీదురా నూకరాజూ. డీజిలే సంపెంగనుకుంటున్నాడు" అనేది. అందరూ నవ్వేవారు. నూకరాజు మాత్రం నవ్వేవాడు కాదు. భక్తిగలవాడు, ఆ మాట లోపల దిగిపోయింది. చివరికి పడవకు సోలార్ పలకలతో కప్పు వేయించాడు. చెక్కల కింద బ్యాటరీలు పెట్టించి, కరెంటు మోటారు బిగించాడు. పొగ లేదు, హోరు లేదు. ఇన్నాళ్ళూ ఇంజను చప్పుడు చాటున ఒకరినొకరు తిట్టుకున్నవాళ్ళు గొంతు తగ్గించుకోవలసి వచ్చింది.

అంతా బాగుంది గానీ, ఒక్క చిక్కు. ఏటి ఉరవడి ఎక్కువైన రోజున అవతలి ఒడ్డు ఇంకా చాలా దూరం ఉండగానే బ్యాటరీ దిగిపోయేది. అప్పుడు నూకరాజు, వెనక అలాగే ఉంచుకున్న పాత ఇంజను హ్యాండిలు తిప్పేవాడు. మళ్ళీ పొగ, మళ్ళీ అదే కంపు. లంక పెద్దలకు విసుగొచ్చింది. ఆ తెల్లవారుజామునే వచ్చి, ఈ రోజు కూడా సోలార్ పడవ నడి ఏట్లో ఆగిందంటే, రేపటినుంచి రేవు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. నూకరాజుకు ఆ రేవు తప్ప వేరే బతుకు లేదు.

స్వామివారు పడవ వెనక్కి వెళ్ళి చూశారు. పాత ఇంజను ఉన్నచోటే ఉంది. పక్కన నిండు డీజిలు పీపా. ఇంజను పొడవాటి కడ్డీ, దాని చివర పంకా నీళ్ళలోకి దిగి ఉన్నాయి.

"ఈ తల్లి ఎందుకొస్తోంది నూకరాజూ?"

"మోటారు ఆగితే లాగడానికండి స్వామీ. చేతికి అందేట్టు సిద్ధంగా ఉంచానండి."

"మోటారు ఎందుకు ఆగుతోంది?"

నూకరాజు నీళ్ళలోని పంకా వైపు చూశాడు. "ఆయ్, తెలుసండి. ఈ బరువుకీ, ఈ పంకా నీళ్ళలో ఈడ్చుకు రావడానికేనండి. మోటారు బిగించినాయన తీసెయ్యమన్నాడు. చెయ్యి రాలేదండి."

"ఆవిడ లేకుండా నడి ఏట్లో ఆగితే?"

"ఆగితే తెడ్లున్నాయి. పైన దేవుడున్నాడు" అన్నాడు నూకరాజు. అని, తలపాగా విప్పి నడుముకి బిగించాడు.

నలుగురిని పిలిచి మరలు విప్పించాడు. కడ్డీ పైకి లాగించి, ఇంజనునూ పీపానూ వెదురుబొంగుల మీద మోయించి ఒడ్డున చెక్క దిమ్మ మీద దింపించాడు. దసరా ఇంకా ఎన్నాళ్ళో ఉంది. అయినా గోదావరి నీళ్ళతో ఇంజను కడిగి, పాపాయమ్మ దగ్గర పసుపు అడిగి తెచ్చి రాశాడు. బొట్టుపెట్టాడు. ఆ ఇసుకలోనే సాష్టాంగపడ్డాడు. లేచేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి.

ఇప్పుడు పడవ ఎక్కేవారేరీ? ముందు నువ్వంటే నువ్వని అంతా ఒకరి వెనక ఒకరు తగ్గి నిలబడ్డారు. నూకరాజు లైఫ్ జాకెట్లు తీసి చేతికిస్తుంటే పాపాయమ్మ ముందుకొచ్చింది.

"నా పూలు మునిగాయంటే నిన్ను వదలనురా."

"మునిగితే ఇద్దరం కలిసే పోతాం కదమ్మా, ఇంక వదలడమెక్కడ?"

"పోతే పోయాను. డీజిలు కంపుతో మాత్రం పైకి పోలేను" అని ఆవిడ ఎక్కి కూర్చుంది. ఆ వెనక మిగతావాళ్ళు ఎక్కారు. స్వామివారూ నీలకంఠమూ ఎక్కారు.

పడవ ఇదివరకటికన్నా నీళ్ళమీద తేలికగా నిలిచింది. నడి ఏట్లోకి వచ్చేసరికి ఉరవడి పక్కనుంచి కొట్టింది. పడవ ఒరిగింది. నూకరాజు చెయ్యి అలవాటుగా వెనక్కి, హ్యాండిలు ఉండే చోటికి పోయింది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. ఆ చేతిని ఒక్క క్షణం చూసుకుని, రెండు చేతులతో చుక్కాని పట్టుకున్నాడు. మోటారు సన్నగా పాడుతూనే ఉంది. ఒడ్డు దగ్గరపడింది, మెట్లు కనబడ్డాయి, పడవ ముక్కు మెట్టుకి తగిలింది.

పాపాయమ్మ బుట్ట మీద తడిగుడ్డ తీసి, దోసెడు మల్లెలు నూకరాజు ముక్కు దగ్గర పెట్టింది. "చూడు" అంది. ఆ నోటినుంచి తిట్టు లేని మాట లంకవాళ్ళు వినడం అదే మొదలు.

నీలకంఠానికి మాత్రం ద్రోహమన్న ముల్లు లోపలే ఉంది. మెట్లెక్కుతూ అడిగాడు. "స్వామీ, అంత మేలు చేసిన తల్లిని ఇసుకలో వదిలేసి వచ్చాడు. మనసెలా ఒప్పింది?"

స్వామివారు ఏటివైపు తిరిగారు.

"ఇన్నాళ్ళూ ఆవిడని మోశాడు నాయనా. నిజమైన దణ్ణం ఈ రోజే పెట్టాడు."