మోటారు మీద చెయ్యి

మడ అడవిలో, ఉప్పుటేరు ఒడ్డున, అడవిపంది భూషయ్యకి ఐసు ఫ్యాక్టరీ ఉంది. బావురుపిల్లులు పట్టిన చేపలన్నీ దాచేది అందులోనే. దాని మోటారును నీటికుక్క వీర్రాజు పన్నెండేళ్లు కాచాడు. పొద్దున్నే చెవి ఆనించి వినేవాడు, చుక్క నూనె పోసేవాడు, కూర్చునేవాడు.

"మోటారు చెడిందే లేదు, వీడికి కూడు దండగ!" అని భూషయ్య వాణ్ణి సాగనంపాడు. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే మరి!

నెల తిరగ్గానే, మండుటెండల్లో, ఫ్యూజు పోయింది. వేస్తే పోతోంది, మళ్లీ వేస్తే మళ్లీ పోతోంది. సాయంత్రంలోగా ఐసు కరిగితే చేపలు కుళ్లిపోతాయి, బావురుపిల్లుల ఇళ్లలో పొయ్యి వెలగదు. వీర్రాజుని పిలవడానికి మొహం చెల్లక, భూషయ్య రిపేరు చేసేవాళ్ల కోసం కాలుగాలిన పిల్లిలా చుట్టుపక్కల లంకలన్నీ తిరిగాడు. నెమలి "నా ఈకలకి మసి అంటదూ?" అంది. కొంగ "కుర్చీ వేస్తే వస్తా" అంది. చివరికి మెడలో మూడు సర్టిఫికెట్లు వేలాడేసుకుని నక్క నరసింగం దిగాడు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం కదా!

"ఆర్నెల్ల కోర్సు ఆరు రోజుల్లో ఊదిపారేశానండీ!" అంటూ ఫ్యూజు తీగ పీకి, దాని స్థానంలో చిటికెనవేలంత లావు తీగ బిగించాడు. "ఇక చచ్చినా పోదు. స్విచ్చి వెయ్యండి!"

బావురుపిల్లి మాణిక్యమ్మ అడ్డం వచ్చింది. "ఆగు నాయనా. మా వీర్రాజు ఏ తీగ బిగించినా తనే మోటారు మీద చెయ్యి పెట్టి నిలబడేవాడు. ఆ తర్వాతే స్విచ్చి. నువ్వూ పెట్టు."

"నాకు... జలుబు చేసిందండీ."

"చేతికి జలుబేమిటయ్యా? పెట్టు! ఇదిగో, వేసేస్తున్నా!"

అంతే! నరసింగం సర్టిఫికెట్లు బురదలో పారేసి మడచెట్లలోకి ఒకటే పరుగు.

భూషయ్యకి తల కొట్టేసినట్టయింది. తనే పడవేసుకుని పక్క లంకకి వెళ్లి వీర్రాజు కాళ్లు పట్టుకున్నాడు. "తప్పయిపోయింది వీర్రాజూ, రా!"

వీర్రాజు వచ్చి ముందా లావు తీగ పీకేశాడు. "ఫ్యూజు పోయేది మోటారు బతకడానికండీ. నూనె లేక బేరింగు పట్టేసి మోటారు తిరగలేకపోతోంది." గంటలో బేరింగు మార్చి, మళ్లీ సన్న ఫ్యూజు తీగే వేసి, మోటారు మీద చెయ్యి పెట్టి, "వెయ్యండి" అన్నాడు. మోటారు తిరిగింది. చేపలు దక్కాయి.

"ఇక్కడే ఉండిపో, అడిగిందిస్తా!"

"పది లంకలకి నేనొక్కణ్ణే అండీ. ఎక్కడని ఉండను? నేర్చుకునేవాళ్లెవరైనా ఉంటే చూపించండి."

"నేను నేర్చుకుంటా," అంది మాణిక్యమ్మ. "బోల్టులు విప్పే పానాలు భూషయ్య గారు అందిస్తారు."

అందించక చస్తాడా!

పని నేర్పించని చోట పనివాడు మొలవడు.