మింటి తలుపు

అనగనగా, మన దగ్గర ఎండ ఎంత ధారాళంగా కాస్తుందో అంత ధారాళంగా మంచు కురిసే దేశం ఒకటి ఉండేదట. ఆ దేశంలో, కొండల ఒడిలో, వెన్నెలదరి అనే చిన్న పల్లె. మొత్తం ఇరవై ఒక్క గడప. చలికాలం వస్తే ఎటు చూసినా తెలుపే కాబట్టి, అక్కడి పిల్లలకు పట్టపగలు కూడా వెన్నెల కాసినట్టే ఉండేది.

ఆ ఊరి ఇళ్ళకు ఒక వింత ఉంది. ప్రతి ఇంటికీ రెండు తలుపులు. ఒకటి అందరి ఇళ్ళకూ ఉన్నట్టే నేల మీద. రెండోది పైన, అటక మీద, చూరు కింద. దానికి మెట్లు లేవు, అరుగు లేదు. తెరిస్తే ఎదురుగా ఆకాశం. ఎండాకాలంలో ఆ దారిన పోయే పొరుగూరి వాళ్ళు తలెత్తి చూసి, మీ ఊరికి చుట్టాలు ఎగిరి వస్తారా అని నవ్వేవారు. ఊరివాళ్ళు ఆ నవ్వును పట్టించుకునేవారు కాదు. దాన్ని మింటి తలుపు అని ముద్దుగా పిలుచుకునేవారు.

చలికాలం ముదిరాక ఆ తలుపు విలువ తెలిసేది. మంచు పెరిగి పెరిగి కింది తలుపును మింగేసేది. అప్పుడు జనం అటకెక్కి, మింటి తలుపు తీసి, మంచు మీద కాలు పెట్టి బయటికి నడిచి వెళ్ళేవారు.

ఆ తలుపుతో పాటు ఒక ఆచారం కూడా ఉండేది. తెల్లవారగానే ఊరి ఎగువన ఉన్న మొదటి ఇంటివారు మింటి తలుపు తెరిచి, "ఉన్నారా?" అని కేకవేయాలి. రెండో ఇంటివారు "ఉన్నాం" అని పలికి, మూడో ఇంటివైపు తిరిగి తామూ అడగాలి. అలా ఆ కేక ఇల్లిల్లూ దిగుతూ ఇరవై ఒకటో గడప దాకా పోవాలి. గొంతు రానివాళ్ళు రోకలితో అటక చెక్కను మూడుసార్లు పొడవాలి. ఏ ఇల్లు పలకదో ఆ ఇంటికి అందరూ పారలు పట్టుకుని పరుగెత్తాలి. తాతల నాటి రోజుల్లో అలాగే బతికారు. ఎన్ని తుఫానులు వచ్చినా ఊళ్ళో ఒక్క ప్రాణం కూడా మంచు కింద పోలేదు.

ఆ తరం వెళ్ళిపోయింది. కాలం మారింది. సుముఖుడు అనే అతను ఊరిపెద్ద అయ్యాడు. మంచివాడే. రాజధాని చూసి వచ్చినవాడు, నలుగురి మేలూ కోరేవాడు. మింటి తలుపు సందుల్లోంచి చలిగాలి వచ్చి పసిపిల్లలు దగ్గుతుంటే అతనికి కడుపు తరుక్కుపోయేది. పైగా అప్పటికి పుష్కర కాలంగా పెద్ద మంచు కురవలేదు.

అందుకని ఒకనాడు ఊరిని సమావేశపరిచి కొత్త పద్ధతి చెప్పాడు. ఊరి నడుమ రాతి మండపం కట్టి, అందులో ఏనుగు తలంత కంచు గంట వేలాడదీస్తాం. ఎవరికి ఆపద వస్తే వాళ్ళు వచ్చి గంట కొట్టాలి. మోత వినగానే ఊరంతా కదులుతుంది. ఇక తెల్లవారుజామున చలిలో అరుచుకోనక్కరలేదు, మింటి తలుపులతో పనీ లేదు. వాటిని రాళ్ళతో, మట్టితో మూసేద్దాం. ఇల్లు వెచ్చగా ఉంటుంది.

అందరూ బాగుందన్నారు. ఎగువ ఇంట్లో ఒంటరిగా ఉండే మందరవ్వ మాత్రం కర్ర ఊతంగా లేచి నిలబడింది.

"నాయనా, గంట దాకా రాలేనివాడు ఏం చెయ్యాలి?"

"వాడి తరఫున ఎవరో ఒకరు వచ్చి కొడతారు కదవ్వా," అన్నాడు సుముఖుడు.

"రాలేకపోయాడని ఆ ఎవరో ఒకరికి ఎలా తెలుస్తుంది?"

సుముఖుడు అవ్వకు చలి ఎక్కువవుతోందని, ఇంటికి తీసుకెళ్ళమని పక్కవాళ్ళకు చెప్పాడు.

ఇరవై మింటి తలుపులు మూతపడ్డాయి. మందరవ్వ తన తలుపు మూయనివ్వలేదు. రోజూ తెల్లవారగానే దాన్ని తెరిచి, ఎప్పటిలాగే "ఉన్నారా?" అని పిలిచేది. ఎవరూ పలికేవారు కాదు. అవ్వ గాలితో వియ్యమందుతోందని ఊళ్ళో వేళాకోళం మొదలైంది.

నిజానికి ఒక ఇల్లు పలుకుతూనే ఉంది. అది సుముఖుడి ఇల్లే. అతని భార్య వినీల ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన పిల్ల. పెద్దల మాట చద్దిమూట అని నమ్మిన మనిషి. అవ్వ కేక లీలగా వినబడగానే, దంచుతున్న రోకలి ఎత్తి అటక చెక్కను మూడుసార్లు పొడిచేది. ఆ చప్పుడేమిటని భర్త అడిగితే, ఎలుకలను తోలుతున్నానని చెప్పేది. ఎలుకలు రోజూ ఒకే వేళకు ఎందుకు వస్తాయో సుముఖుడు ఆలోచించలేదు.

ఆ దేశంలో పెద్దవాళ్ళు మంచును ముగ్గురు అక్కచెల్లెళ్ళు అనేవారు. చిన్నది ఆడుతూ వస్తుంది. నడిమిది అరుస్తూ వస్తుంది. పెద్దది మాట్లాడకుండా వస్తుంది.

ఆ ఏడు మొదట చిన్నది వచ్చింది. దూది ఏకినట్టు రోజంతా కురిసింది. ఊరి దిగువన చివరి ఇంట్లో ఉండే గంగులు, జడలబర్రెల కాపరి, దూడ తప్పిపోయిందని వచ్చి గంట కొట్టాడు. అందరూ వెతికి గడియలో దూడను పట్టి తెచ్చారు. సుముఖుడి ముఖం వెలిగిపోయింది.

తరువాత నడిమిది వచ్చింది. మూడు రోజులు హోరున అరిచింది. గంగులు ఇంటి దూలం విరిగింది. అతను నడుములోతు మంచులో పొద్దున బయలుదేరి, మధ్యాహ్నానికి గంట చేరి, రెండు మోతలు మోగించి అక్కడే కూలిపోయాడు. ఊరు కదిలివచ్చి దూలం నిలబెట్టింది. కానీ అతని పాదాలు గడ్డకట్టాయి. నడక పోయింది. చూశారా, గంట వల్లే ప్రాణం దక్కింది అన్నాడు సుముఖుడు. మందరవ్వ గంగులు పాదాలకు వేడినూనె రాస్తూ ఉండిపోయింది.

ఆఖరికి పెద్దది వచ్చింది.

గాలి లేదు, హోరు లేదు. రెండు పగళ్ళూ రెండు రాత్రులూ ఆకాశం మెల్లగా కిందికి దిగుతూనే ఉంది. మూడోనాటి ఉదయం మందరవ్వ మింటి తలుపు తెరిస్తే గడప దాకా మంచే. ఊరు లేదు. గంట మండపం లేదు. తెల్లటి సముద్రం, దాని మీద తెల్లటి వెలుగు.

"వచ్చావా అక్కా," అంది అవ్వ.

"వచ్చాను," అంది మంచు. మంచు మాట్లాడుతుందా అని అడగకండి. అంత నిశ్శబ్దంలో ఏదైనా మాట్లాడుతుంది. "తల్లి బిడ్డకు దుప్పటి కప్పినట్టు కప్పడమే నాకు తెలుసు. దుప్పటి కింద ఎవరున్నారో చూసుకోవడం మీ పని."

అవ్వ గొంతెత్తి "ఉన్నారా?" అని పిలిచింది. జవాబు లేదు. అయినా మళ్ళీ మళ్ళీ పిలుస్తూనే ఉంది.

అదే వేళ ఆ మంచు కింద సుముఖుడు నిశ్చింతగా కూర్చుని ఉన్నాడు. కింది తలుపు కదలడం లేదు, కిటికీలు చీకటి. అయినా భయం లేదని భార్యకు చెబుతున్నాడు. గంట మోగలేదు కదా, అంటే ఊరంతా క్షేమంగా ఉన్నట్టే అని.

వినీల ఒళ్ళో ఆరు నెలల కూతురు ఎగశ్వాస తీస్తోంది. పొగగొట్టం మూసుకుపోయి పొయ్యి ఆర్పేశారు. ఇంట్లో గాలి తరిగిపోతోంది.

"ఊరి సంగతి సరే," అంది వినీల. "మనకు ఆపద వచ్చింది. వెళ్ళి గంట కొట్టండి."

సుముఖుడు లేచాడు. తలుపు వైపు చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఇరవై ఇళ్ళలో ఇరవైమంది ఇలాగే, గంట మోగలేదు కాబట్టి పక్కింటివాళ్ళు బాగున్నారనుకుంటూ కూర్చుని ఉంటారని అప్పుడతనికి తెలిసింది.

అప్పుడు పైనుంచి, ఎక్కడో కలలోంచి వచ్చినట్టు, సన్నగా ఒక కేక వినబడింది.

"ఉన్నారా?"

వినీల రోకలి అందుకోబోయింది. చంటిది చేతిలో ఉంది. సుముఖుడే రోకలి అందుకున్నాడు. అటక చెక్కను మూడుసార్లు, బలమంతా పెట్టి పొడిచాడు.

పైన మందరవ్వకు ఆ చప్పుడు వినబడింది. కానీ అప్పుడే పడిన మెత్తని మంచులో అడుగు వేస్తే మనిషి మునిగిపోతాడు. అవ్వ తన మింటి తలుపును బందుల నుంచి ఊడదీసింది. తేలికైన దేవదారు చెక్క అది. మంచు మీద పరిచి, దాని మీద బోర్లా పడుకుని, పారను తెడ్డులా వేస్తూ కదిలింది. తలుపు పడవై పోయింది. కింద ఇళ్ళు నిద్రపోతున్నాయి, పైన అవ్వ తేలిపోతోంది. చప్పుడు వచ్చిన చోట ఆగి తవ్వడం మొదలుపెట్టింది. లోపల సుముఖుడు, తాను దగ్గరుండి పెట్టించిన రాళ్ళను గునపంతో తానే పెకలించాడు. చివరి రాయి జారి వెలుగు లోపలికి పడింది. చంటిది గాలి పీల్చుకుని, ఇల్లు దద్దరిల్లేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని తల్లి నవ్వింది.

సుముఖుడు అవ్వ కాళ్ళ మీద పడబోతే, దండాలకు తరువాత తీరిక, ముందు పక్కింటివాళ్ళను పిలవమంది ఆమె. అతను తన ఇంటి మింటి తలుపు కూడా ఊడదీసి మంచు మీద వేశాడు. "ఉన్నారా?" అని అరిచాడు. తవ్వినకొద్దీ మనుషులు, మనుషులు వచ్చినకొద్దీ పారలు. పొద్దు వాలకముందే ఇరవై ఇళ్ళు బయటపడ్డాయి.

ఆఖరిది గంగులు ఇల్లు. పిలిస్తే పలుకు లేదు. తవ్వి చూస్తే, అతను తన దూడను కావలించుకుని, దాని వెచ్చదనంతో కొనఊపిరి నిలుపుకుని ఉన్నాడు. సుముఖుడు అతన్ని ఎత్తుకుని, కంగారులో, "ఒక్కసారి గంట కొట్టకపోయావా గంగులూ," అన్నాడు.

గంగులు కళ్ళు తెరిచాడు. "కాళ్ళు లేనివాడికి గంట ఎంత దూరమో తెలుసా బాబూ," అన్నాడు.

సుముఖుడు తల దించుకుని, అందరి ముందూ ఏడ్చాడు.

మంచు కరిగాక ఇరవై మింటి తలుపులూ మళ్ళీ తెరుచుకున్నాయి. గంటను మాత్రం తీసెయ్యలేదు. తీసెయ్యొద్దని మందరవ్వే చెప్పింది. ఇప్పుడు వెన్నెలదరిలో తెల్లవారగానే కేక ఎగువ నుంచి బయలుదేరుతుంది. ఇల్లిల్లూ పలుకుతుంది. ఇరవై ఒకటో ఇంట్లోంచి గంగులు "ఉన్నాం" అంటాడు. అప్పుడు సుముఖుడు మండపానికి వెళ్ళి గంట ఒక్కసారి కొడతాడు. అది ఆపద గంట కాదు, అందరూ పలికారన్న గంట. ఆ మోత కొండ దిగి పొరుగూళ్ళ దాకా పోతుందట. అక్కడి పిల్లలు నిద్రలో ఒకసారి కదిలి, హాయిగా మళ్ళీ పడుకుంటారట.

ఆపదలో ఉన్నవాడు పిలిస్తే వెళ్ళడం మంచితనమే. కానీ పిలవలేనివాణ్ణి ముందుగా పలకరించడమే అసలైన సాయం.