నోరు తెరవని పైడితల్లి

రేగులవలసలో ముప్పై ఇద్దరు ఆడపిల్లలున్న అనాథాశ్రమానికి సువర్చలమ్మ అనే వార్డెను ఉండేది. ఆవిడకి ఒకటే జబ్బు, దాతలు ఏ కాగితం చాపితే ఆ కాగితం మీద చదవకుండా సంతకం పెట్టేసేది.

మంచి మనిషే, కాదనను. పిల్లకి జ్వరమొస్తే ఆవిడ నడుం వాల్చేది కాదు. కానీ దాతల ముందు మాత్రం నోట మాట వచ్చేది కాదు. పాచిపోయిన మిఠాయి పంపినా "మహాభాగ్యం" అనేది. చిరిగిన గౌన్లు పంపినా దణ్ణం పెట్టేది. పిల్లలెవరైనా మూతి ముడిస్తే, "దానమిచ్చిన ఆవుకి పళ్లు లెక్కపెడతారుటే? మాట్లాడకుండా పుచ్చుకోండి!" అని కసిరేది.

ఆ ఊళ్లో రైసుమిల్లు యజమాని వెంకటపతి. ఆశ్రమానికి నెలనెలా బియ్యం ఆయనే పంపేవాడు. అందుకని అక్కడ ఆయన మాటకి ఎదురుండేది కాదు. ఒకసారి ఆ పిల్లలకి ఉచిత దంత వైద్య శిబిరం పెట్టించాలని ఆయనకి బుద్ధి పుట్టింది. వారం ముందే ఆయన గుమాస్తా ఓ కాగితాల కట్ట తెచ్చాడు.

"తల్లీతండ్రీ లేని పిల్లలు కదండీ, వాళ్ల తరఫున మీరే ఒప్పుకోవాలి," అన్నాడు.

సువర్చలమ్మ పిల్లకొకటి చొప్పున ముప్పై రెండు సంతకాలూ చకచకా పెట్టి ఇచ్చేసింది. కళ్లజోడు కోసం లేవనైనా లేవలేదు.

ఆదివారం పొద్దున్నే ఆశ్రమం ముందు షామియానా లేచింది. మైకు, దండలు, వెంకటపతి నిలువెత్తు బొమ్మ, అబ్బో, హంగుకేం తక్కువ లేదు! మధ్యలో ఓ కుర్చీ, పక్కన పట్నం ఆస్పత్రి నుంచి వచ్చిన డాక్టర్ నస్రీన్. పాపం, ఆ అమ్మాయి చదువు ముగించి ఏడాది కాలేదు. మధ్యాహ్నం ముఖ్య అతిథి వచ్చేసరికి పిల్లలందరి పనీ అయిపోవాలని వెంకటపతి హుకుం.

మొదట ఎనిమిదేళ్ల గౌరమ్మ కూర్చుంది. ఓ మత్తు సూది, ఓ గుంజుడు, దవడ పన్ను పళ్లెంలో పడింది. పిల్ల దూది కరుచుకుని ఏడుస్తూ లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

రెండోది పైడితల్లి. పదకొండేళ్ల పిల్ల. చల్లనీళ్లు తాగితే దవడ పన్ను జివ్వుమంటోందని నెల్లాళ్లుగా ఒక పక్కనే నములుతోంది. నస్రీన్ ఆ పిల్ల నోట్లో అద్దం పెట్టి చూసింది. ఓ క్షణం ఆగింది. తర్వాత మత్తు సూది అందుకుంది.

"ఆగండాగండి డాక్టరమ్మా! నా పన్ను బతికుందా, చచ్చిపోనాదా?" అంది పైడితల్లి.

నస్రీన్ అబద్ధమాడలేకపోయింది. "బతికే ఉందమ్మా."

"మరి బతికున్నదాన్ని పీకడమేటండీ? పీకేస్తే మళ్లీ వస్తాదా?"

"రాదు. ఇది పాలపన్ను కాదు."

"పీకకుండా ఇంకో దారి నేదా?"

"ఉంది. పుచ్చు గీకేసి సిమెంటు నింపితే పన్ను నిలుస్తుంది. దానికి చాలాసేపు పడుతుంది. ఆ సామాను ఇక్కడికి తేలేదు," అంది నస్రీన్ నెమ్మదిగా.

పైడితల్లి ఠపీమని నోరు మూసేసింది. పెదాలు బిగించి, చేతులు కట్టుకుని కూర్చుంది.

సువర్చలమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఏమే మొండిఘటమా! పెద్దలు ధర్మం చేస్తుంటే పళ్లు లెక్కపెడతావుటే? తెరు నోరు!"

"ఆవు పళ్లు కావు కదమ్మా, నా పళ్లు! నెక్క పెట్టుకోనా?" అని, పైడితల్లి మళ్లీ నోరు మూసేసింది.

వరుసలో పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ వెంటనే ఒకరి తర్వాత ఒకరు పెదాలు బిగించేశారు. ముప్పైమందీ! మైకు పట్టుకున్నాయన "నోరు తెరవండమ్మా, బంగారుతల్లులూ!" అని ఎంత బతిమాలినా ఒక్కరూ వినలేదు.

వెంకటపతి లేచాడు. "తేరగా చేస్తుంటే టెక్కు చూడు! సువర్చలమ్మగారూ, ఆ పిల్ల తల గట్టిగా పట్టుకోండి. మీ సంతకాలు ఇవిగో, నా దగ్గరే ఉన్నాయి. కాదంటారా, వచ్చే నెల నుంచి బియ్యం ఎవరిస్తారో వెతుక్కోండి," అని కాగితాల కట్ట బల్ల మీద పడేశాడు.

బియ్యం అనేసరికి సువర్చలమ్మ కళ్ల ముందు ముప్పై రెండు ఖాళీ కంచాలు తిరిగాయి. ఆవిడ చేతులు పైడితల్లి తల మీదికి వెళ్లాయి కూడా. పిల్ల కదల్లేదు, ఏడవలేదు. తలెత్తి ఆవిడ కళ్లలోకి చూసింది, అంతే. ఆవిడకి చేతులాడలేదు.

"ఉండండి. నేను దేనికి ఒప్పుకున్నానో చూసుకోనివ్వండి," అని కళ్లజోడు పెట్టుకుంది.

మొదటి కాగితం మీద 'పన్ను తీయుటకు సమ్మతి' అని అచ్చు వేసి ఉంది. రెండోది తీసింది. అదే. మూడోదీ అదే. కట్టంతా అదే. సువర్చలమ్మ ముఖం జేవురించింది.

"వెంకటపతిగారూ, వారం కిందట ఏ పిల్ల నోరూ ఎవరూ చూడలేదు. పీకాలని అప్పుడే ఎలా తెలిసింది?"

"పీకడమైతే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. దిక్కులేని పిల్లలకి ఇంతకన్నా ఏం కావాలండీ?"

"మొన్న మీ మనవరాలి పన్ను పుచ్చితే పీకించారా?"

ఆయన నాలుగుసార్లు పట్నం తిప్పి, మనవరాలి పన్ను నిలబెట్టించుకున్న సంగతి ఊరంతా ఎరుగును.

"మీ పిల్ల పన్ను నిలబెట్టించుకుని, నా పిల్లల పళ్లు పీకిస్తారా? చాల్లెండి మీ ధర్మం! బియ్యం పంపితే పంపండి, మానితే మానండి. గంజి తాగి బతుకుతాం. నా పిల్లల మీద చెయ్యి పడనివ్వను!" అంటూ సువర్చలమ్మ కాగితాల కట్టని పరపరా చింపేసింది. పిల్లలు అప్పుడు తెరిచారు నోళ్లు, షామియానా అదిరేలా కేకలు వేయడానికి!

కానీ సువర్చలమ్మ చూపు పళ్లెం మీద పడింది. "గౌరమ్మ పన్ను... అదీ నిలిచేదేనా?"

"నిలిచేదేనండీ. అదీ పాలపన్ను కాదు, మళ్లీ రాదు," అంది నస్రీన్ తల దించుకుని.

సువర్చలమ్మ గౌరమ్మని దగ్గరికి లాక్కుని భోరుమంది. వారం కిందట ఒక్క కాగితం చదివి ఉంటే ఆ పన్ను ఆ పిల్ల నోట్లోనే ఉండేది. ఇప్పుడు ఏడ్చి ఏం లాభం?

నస్రీన్ చేతి తొడుగులు విప్పేసింది. "అమ్మా, ఈ పాపంలో నాకూ వాటా ఉంది. వారానికి ఐదుగురిని మా ఆస్పత్రికి తీసుకురండి. మా పెద్ద డాక్టరుగారు ఒప్పుకోకపోతే, ఒప్పుకునేదాకా ఆయన గుమ్మం ముందు కూర్చుంటాను," అంది. కూర్చుంది కూడా. మూడో రోజుకి ఆయన ఒప్పుకున్నాడు.

వెంకటపతి అన్నంత పనీ చేశాడు. రెండు నెలలు ఆశ్రమంలో గంజే గతి అయింది. సువర్చలమ్మ గడప గడపకీ వెళ్లి బియ్యం అడిగింది. అడగడం మొదలుపెట్టాక ఇక ఆవిడని ఆపేదెవరు? పిల్లలు ఐదుగురేసి పట్నం బస్సెక్కారు. పుచ్చిన పళ్లలో చాలావరకు నిలిచాయి. నిజంగా చచ్చిపోయిన మూడింటిని మాత్రం పీకారు, ఎందుకు పీకుతున్నారో ఆ పిల్లలకి ముందు చెప్పి మరీ. పైడితల్లి ఇప్పుడు రెండు పక్కలా వేయించిన శనగలు పటపటలాడిస్తోంది. గౌరమ్మకి మాత్రం పోయిన పన్ను రాలేదు. ఆ పిల్లకి అన్నం కలిపి పెట్టిన ప్రతిసారీ సువర్చలమ్మకి ఆ ఖాళీ కనబడుతూనే ఉంది.

ఊరికే ఇస్తున్నాం కదా అని మన బిడ్డకి వద్దనుకున్నదాన్ని పరాయి బిడ్డకి అంటగట్టడం ధర్మం కాదు. ఊరికే వస్తోంది కదా అని బిడ్డల తరఫున అడగవలసింది అడగకపోవడం పెద్దరికమూ కాదు.