వంకలోకి దిగిన బండి

కదిరిలో విత్తనాల దుకాణం నడిపే వన్నూరప్ప పన్నెండేళ్ళుగా ప్రతి గురువారం జమాల్ సాహెబు దగ్గరికి వస్తున్నాడు. గురువు చూపించిందల్లా శ్రద్ధగా నేర్చుకున్నాడు. గంటసేపు కదలకుండా కూర్చోగలడు. ఒకప్పుడు ముక్కుమీద ఉండే కోపం ఇప్పుడు ఇంట్లోవాళ్ళకు కూడా కనిపించదు. అయినా గురువు ఏదైనా పని అప్పజెబితే మాత్రం, తనకింకా ఆ యోగ్యత రాలేదని వెనక్కు తగ్గేవాడు.

జమాల్ సాహెబు ఊరికి దూరంగా, కొండ మొదట్లో ఉన్న పాత దర్గా పక్కన రాతి ఇంట్లో ఉండే సూఫీ గురువు. డెబ్బై దాటిన మనిషి. అన్ని కులాలవాళ్ళూ, మతాలవాళ్ళూ ఆయన దగ్గరికి వచ్చేవారు. ఆయన మాట్లాడేది తక్కువ.

ఆ మధ్య కొండమీది తండాలో ఒక ముసలాయన చావు భయంతో తల్లడిల్లుతున్నాడని తెలిసి, నాలుగు రోజులు ఆయన పక్కన కూర్చుని రమ్మని వన్నూరప్పకు చెప్పాడు. వన్నూరప్ప చేతులు జోడించి, తన మనసే ఇంకా కుదురుకోలేదని, మరో ఏడాది నేర్చుకున్నాక పోతానని అన్నాడు. గురువు తల ఊపాడు. మర్నాడు తానే చేతికర్ర తీసుకుని కొండెక్కాడు.

ఆ సంగతి వన్నూరప్పను లోలోపల తొలుస్తూ ఉంది.

వన్నూరప్పకు ఒక బండి ఉంది. కొండలూ రాళ్ళగుట్టలూ ఎక్కగల, జీపులాంటి పెద్ద బండి. ఎంతో మోజుపడి కొన్నాడు. దాని గురించి అడిగినవాళ్ళకు అది ఎంత లోతు నీళ్ళలో పోగలదో, ఎంత ఏటవాలు ఎక్కగలదో ఓపిగ్గా వివరించేవాడు. కానీ రెండేళ్ళలో అది తారురోడ్డు దిగింది లేదు. గీతలు పడతాయని దర్గా మట్టిబాట మొదట్లోనే దాన్ని ఆపి, మిగిలిన దూరం నడిచి వచ్చేవాడు. సీట్లకు షోరూములో వేసిన ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తీయలేదు.

ఆ గురువారం వాన అప్పుడే వెలిసింది. వన్నూరప్ప వచ్చేసరికి జమాల్ సాహెబు అరుగుమీద కూర్చుని టీ తాగుతున్నాడు. వన్నూరప్ప కింద కూర్చుని, చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగేశాడు.

"సామీ, నేను సిద్ధమయ్యానని నాకు ఎప్పుడు తెలుస్తుంది?"

గురువు జవాబు చెప్పేలోపే ఒక ఆడమనిషి నిలువెల్లా తడిసి, రొప్పుతూ వచ్చింది. గొర్రెలు మేపుకునే బీరప్ప భార్య కరియమ్మ. పైన కొండల్లో పడ్డ వానకు వంక పొంగిందని, నడి వంకలో ఉన్న తిప్పమీద తన మొగుడూ మందా చిక్కుకుపోయారని చెప్పింది. ట్రాక్టరు కోసం ఊళ్ళోకి మనిషిని పంపారు. అది వచ్చేసరికి తిప్ప మునిగిపోయేటట్టుంది. ఆ మందే వాళ్ళ బతుకు.

జమాల్ సాహెబు గ్లాసు కింద పెట్టి లేచాడు. మట్టిబాట మీద తారురోడ్డు దాకా నడిచి, వన్నూరప్ప బండి తలుపు తీసి ముందు సీట్లో కూర్చున్నాడు. కరియమ్మ వెనక ఎక్కింది. వన్నూరప్ప ఒక్క క్షణం తటపటాయించి, స్టీరింగు ముందు కూర్చున్నాడు.

వంక ఒడ్డుకు చేరేసరికి ఎర్రటి నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. ముప్పై గజాల అవతల తిప్పమీద అరవై గొర్రెలు ఒకదానికొకటి అతుక్కుపోయి అరుస్తున్నాయి. వాటి మధ్య గొంగళి కప్పుకుని బీరప్ప నిలబడి ఉన్నాడు.

జమాల్ సాహెబు దిగి, లుంగీ ఎగగట్టుకుని, కర్రతో అడుగు చూసుకుంటూ నీళ్ళలోకి నాలుగడుగులు వేసి వచ్చాడు. ఒకప్పుడు ఎద్దుల బండ్లు దాటిన చోటు అది. అడుగున ఇసుక లేదు, అవతలిదాకా గట్టి రాయే. నీళ్ళు మోకాలి లోతు ఉన్నాయి. ఆ సంగతి చెప్పి, కరియమ్మను ఒడ్డున దించి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. పెద్ద గేరు పక్కన ఉన్న చిన్న లివరు చూపించి అది ఎందుకని అడిగాడు.

"నాలుగు చక్రాలూ ఒకేసారి లాగడానికి సామీ."

"ఎప్పుడైనా వేశావా?"

"ఇంతవరకూ అవసరం పడలేదు."

గురువు అతని ముఖంలోకి చూశాడు. వన్నూరప్ప ఆ లివరు పట్టుకుని కిందికి లాగాడు. అది గట్టిగా ఉంది. రెండోసారి బలంగా లాగితే పడింది.

బండి నీళ్ళలోకి దిగింది. ప్రవాహం పక్కనుంచి తోస్తుంటే వన్నూరప్ప స్టీరింగును బిగించి పట్టుకున్నాడు. చక్రాలు మాత్రం బండను పట్టుకుని నిదానంగా, ఆగకుండా నడిచాయి. బండి తిప్ప ఎక్కింది.

బీరప్ప పరిగెత్తుకొచ్చాడు. గొర్రెపిల్లలూ, ఈనడానికి సిద్ధంగా ఉన్న తల్లి గొర్రెలూ నీళ్ళలో నిలవలేవని, ముందు వాటిని దాటించమని వేడుకున్నాడు. వన్నూరప్ప సీట్లమీద ఏదైనా పాత గుడ్డ పరుద్దామని వెతుకుతున్నాడు. అంతలో జమాల్ సాహెబు అప్పుడే పుట్టిన ఒక పిల్లను, ఇంకా ఒంటి తడి కూడా ఆరనిదాన్ని, రెండు చేతులా ఎత్తి తెచ్చి ముందు సీటుమీద పడుకోబెట్టాడు.

వన్నూరప్ప దాన్ని చూశాడు. అది నిలబడాలని ప్రయత్నిస్తూ ప్లాస్టిక్ మీద కాళ్ళు జారి పడిపోతోంది. అతను చేయి చాపి ఆ కవరును ఒక్క గుంజుతో చింపేశాడు. పిల్ల లేచి నిలబడింది.

ఆ తర్వాత అతను గుడ్డ కోసం వెతకలేదు. పిల్లల్ని తానే ఎత్తి వెనక నింపాడు. మొదటి విడత ఇవతలి ఒడ్డుకు చేరాక గురువు దిగిపోయాడు.

"మీరు రారా సామీ?" అన్నాడు వన్నూరప్ప కంగారుగా.

"నా చోట్లో ఇంకో నాలుగు పడతాయి" అన్నాడు జమాల్ సాహెబు.

వన్నూరప్ప ఒక్కడే వెళ్ళాడు. వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. నాలుగోసారికి స్టీరింగు మీద ఆ బిగింపు ఎప్పుడు సడలిందో అతనికే తెలియదు. వరదలో వచ్చిన మొద్దు ఒకటి తగిలి బండి పక్క రేకుకు సొట్ట పడింది. అతను తల కూడా తిప్పలేదు.

ఇక పెద్ద గొర్రెలు మిగిలాయి. నీళ్ళు పెరుగుతున్నాయి. అన్నిటినీ బండిలో తేవడానికి వ్యవధి లేదు. అప్పుడు వన్నూరప్పకే ఒక ఆలోచన వచ్చింది. బండిని ఎగువ పక్కన, ప్రవాహానికి అడ్డంగా నడుపుతానని, దాని చాటున నీళ్ళ జోరు తగ్గుతుందని, మందను బండికి ఆనించి తోలుకు రమ్మని బీరప్పకు చెప్పాడు. బీరప్ప పొట్టేలును ముందు నడిపించాడు. మిగిలినవి దాని వెనక కదిలాయి.

నీళ్ళు తలుపుల్ని తాకుతున్నాయి. ఒక పక్క వరద, మరో పక్క చక్రాల ఎత్తున బారుగా గొర్రెల తలలు. వన్నూరప్ప వాటి నడకకు తగ్గట్టు బండి నడిపాడు. ఒక గొర్రె తడబడితే ఆగాడు. అది నిలదొక్కుకోగానే కదిలాడు. చివరి గొర్రె ఒడ్డెక్కేసరికి కరియమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. ఊళ్ళోంచి వచ్చినవాళ్ళు ఈలలు వేశారు. బీరప్ప మందను రెండుసార్లు లెక్కపెట్టాడు. ఒక్కటీ తగ్గలేదు.

వన్నూరప్ప బురద కారుతూ దిగి, గురువు కోసం చుట్టూ చూశాడు. జమాల్ సాహెబు వంకకు వీపు పెట్టి కూర్చుని, అప్పుడే పుట్టిన ఆ గొర్రెపిల్లను తన కండువాతో తుడుస్తున్నాడు.

"సామీ, నేను ఆఖరిసారి దాటేటప్పుడు ఒడ్డున అందరూ ఇటే చూస్తున్నారు. మీరు ఒక్కసారి కూడా తిరగలేదే."

జమాల్ సాహెబు పిల్ల చెవులు తుడుస్తూనే అన్నాడు.

"చూడ్డానికేముంది, వస్తున్నావు కదా."