దూదిలో దారం

మురారికి తన చేతులంటే మహా గురి. కాన్సరాసుపత్రిలో పెద్ద సర్జన్ ఎస్తేరు మేడం దగ్గర శిష్యరికం చేస్తున్నాడు. రొమ్ములో శనగగింజంత గడ్డున్నా నా వేళ్లకి దొరక్కుండా పోదని తోటి డాక్టర్ల దగ్గర చెప్పుకునేవాడు.

అలాంటివాడు ఆ పొద్దున మొహం మాడ్చుకుని మేడం గదిలోకొచ్చాడు. పోయినేడు నూకరత్నం అనే ఆవిడొచ్చి, ఎడం రొమ్ము ఒకపక్క మందంగా అయింది బాబూ అంటే తనే చూశాడు. గడ్డ తగల్లేదు. మామోగ్రాం ఫొటోలోనూ ఏమీ కనపళ్లేదు. భయం లేదు, వెళ్లిరమ్మన్నాడు. ఇప్పుడా మనిషే నడుంనొప్పితో వచ్చింది. పాలగ్రంథుల్లో పుట్టిన కాన్సరు ఎముకల దాకా పాకేసింది.

"నా పరీక్షలో తప్పెక్కడుంది మేడం? గడ్డే లేదు కదా," అన్నాడు.

మేడం లేచి బీరువా తెరిచింది. ఆపరేషనైన ఆడవాళ్లు చంక కింద పెట్టుకునే బుల్లి దిండ్లు బీరువాలో ఉంటాయి. అందులో ఒకటి తీసి, అటు తిరిగి, పెద్ద సూదితో కాసేపు ఏదో కుట్టింది. అతని చేతిలో పెట్టింది.

"ఏముందో చూడు."

మురారి వేళ్లతో నొక్కి నొక్కి చూశాడు.

"ఏం లేదు మేడం. ఈ పక్క కాస్త మందంగా ఉంది, అంతే."

మేడం కత్తెరతో దిండు కోసింది. దూది నిండా తెల్లదారం. ఒక్క ముడి లేదు, ఉండ లేదు. చీమలబారులా సాగిపోయింది.

"పాలగ్రంథుల్లో పుట్టేది చాలాసార్లు ఇలాగే పాకుతుందయ్యా. గడ్డ కట్టదు. ఫొటోకీ సరిగ్గా చిక్కదు."

"మరి చేతికెలా దొరుకుతుంది మేడం?"

"దొరికిందిగా. అంతే అని వదిలేసింది నువ్వు."

ఆ రోజు అక్కడ చిన్న ముక్క తీయించి పరీక్షకి పంపుంటే... అనుకుంటూ మురారి బయటికి నడిచాడు.

నూకరత్నం బయట బల్ల మీద నడుం పట్టుకుని కూర్చునుంది. పక్కన కూర్చుని, నావల్లే ఆలస్యమైందమ్మా అని ఎలాగో చెప్పాడు. ఆవిడ అతన్ని చూసి జాలిపడింది.

"మీరు మటుకు ఏం చేస్తారు బాబూ, గడ్డే లేదాయె. ఇంకోచోట చూపిద్దామని మా కోడలు పోరింది. నేనే వినలేదు, మీరు చూశారు కదా అని."