తొలి వాన భోజనం

అనగనగా, మన తాతల తాతలకు కూడా కథగానే తెలిసిన కాలంలో, కోనాపురం అనే రాజ్యం ఒకటి ఉండేది. ఆ రాజ్యంలో ఎవరు పడితే వారు ఇళ్ళు కట్టడానికి వీల్లేదు. పని నేర్చినవాడని కొలువులో నమ్మకం కుదిరితే ముద్రాధికారి అతని మెడలో ఒక రాగి బిళ్ళ కట్టేవాడు. బిళ్ళ మీద రాజుగారి నెమలి గుర్తు ఉండేది. ఆ బిళ్ళ ఉన్నవాడే మేస్త్రీ.

బిళ్ళల కంటే పాత ఆచారం ఇంకొకటి ఉండేది. కొత్త ఇంటి మీద తొలి వాన పడుతుండగా, కట్టిన మేస్త్రీ తన ఆలుబిడ్డలతో వచ్చి ఆ కప్పు కింద కూర్చుని భోంచేయాలి. వాళ్ళు తిని చెయ్యి కడుక్కున్నాకే ఇంటివాళ్ళు కాపురానికి రావాలి. బిళ్ళలు వచ్చాక జనం ఈ ఆచారాన్ని మెల్లగా వదిలేశారు. "రాజుగారి బిళ్ళే ఉండగా ఇంకా ఈ తిండి పరీక్షలెందుకు?" అని నవ్వేవారు. నవ్వినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. నమ్మినవాళ్ళు, అంతే.

రాజధానిలో నాంచారమ్మ అని ఒక నేతపని మనిషి ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా తండ్రి ఇచ్చిన గుంట మగ్గం, దాని మీద ఆడే రెండు చేతులు. చీర అంచును కళ్ళు మూసుకుని తడిమి కూడా "ఇది నాంచారమ్మ నేత" అని చెప్పేసేవారు ఊళ్ళో ఆడవాళ్ళు. కానీ ఆమె ఉండేది కారే గుడిసెలో. మగ్గం గుంటలోకి నీళ్ళు దిగితే నూలు చివికిపోతుంది. అందుకని గట్టి ఇల్లు ఒకటి కావాలనుకుంది. కూడబెట్టుకున్నదంతా తీసుకెళ్ళి కనకలింగం మేస్త్రీ చేతిలో పోసింది.

కనకలింగం బిళ్ళ తళతళా మెరిసేది. రోజూ పొద్దున్నే దాన్ని చింతపండుతో తోమేవాడు. పని మీద కూడా అంత శ్రద్ధ ఉంటే ఈ కథే ఉండేది కాదు.

గోడలు నడుమెత్తు లేచాయో లేదో, అతనికి ఒక వర్తకుడి మేడ పని తగిలింది. తాపీ, గుండు దారం సర్దుకుని అటు వెళ్ళిపోయాడు. కబురు పెడితే రేపన్నాడు, మళ్ళీ పెడితే ఎల్లుండన్నాడు. మొండిగోడల మధ్య పిచ్చిమొక్కలు మొలిచాయి.

నాంచారమ్మ ముద్రాధికారి త్రిలోచనుడి దగ్గరికి వెళ్ళింది.

"బిళ్ళ ఉన్న మనిషమ్మా, ఎక్కడికి పోతాడు? కాస్త ఓపిక పట్టు," అన్నాడు త్రిలోచనుడు.

వేసవి అంతా ఓపికతోనే గడిచింది. మబ్బులు కమ్ముకునే వేళకు ఆమె రెండోసారి వెళ్ళింది. ఈసారి త్రిలోచనుడు కనకలింగాన్ని పిలిపించి, "ఏమయ్యా, ఇదేం పద్ధతి?" అని మందలించాడు. మందలించి, తాంబూలం ఇచ్చి సాగనంపాడు. శిక్ష అంటే అదే!

కనకలింగం కోపంగా వచ్చి పని మొదలుపెట్టాడు. ఇటుకలు నానబెట్టలేదు. సున్నం గానుగ ఆడించలేదు. ఇంత బురద, ఇంత ఇసుక కలిపి గబగబా గోడలు లేపి, పుచ్చిన వాసాలు వేసి, పైన పెంకు పరిచేశాడు. నాంచారమ్మ గోడను గోటితో గీస్తే పిండిలా రాలింది.

"మేస్త్రీ! తొలి వానకు మీ ఆవిడనీ పాపనీ తీసుకుని భోజనానికి రండి," అని పిలవాలనుకుంది. మాట నోటిదాకా వచ్చింది. కానీ అతని ముఖం ధుమధుమలాడుతోంది. ఇరుగుపొరుగు నవ్వుతారేమో అనిపించింది. మొహమాటపడి మింగేసింది. బిళ్ళ ఉందిలే అనుకుని మగ్గం దించుకుంది.

తొలి వాన పడింది. మగ్గం పక్క గోడ కూలింది.

చుట్టుపక్కలవాళ్ళు పరుగున వచ్చి ఆమెను బయటికి లాగారు. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి మాత్రం ఇటుకల కింద నలిగిపోయింది. వైద్యుడు కట్టు కట్టి, "చెయ్యి ఉంటుంది తల్లీ, నేత మాత్రం ఇక సాగదు," అన్నాడు. అది విని నాంచారమ్మ ఏడవలేదు.

మూడోసారి ఆమె త్రిలోచనుడి గడప తొక్కలేదు. తిన్నగా విజయకేతు మహారాజు కొలువుకే వెళ్ళింది. రాజు ముద్రాధికారినీ మేస్త్రీనీ పిలిపించాడు.

"ఈ ఏడు వానలు ఎక్కువ ప్రభూ," అన్నాడు త్రిలోచనుడు.

"మగ్గం తాళ్ళు గోడకు కట్టి లాగింది ప్రభూ, అందుకే పడింది. నా పని రాయిలాంటిది," అన్నాడు కనకలింగం, బిళ్ళ సవరించుకుంటూ.

నాంచారమ్మ గొంతు పెంచకుండానే చెప్పింది.

"పడిన గోడ సంగతి వదిలేయండి ప్రభూ. వెనక గది ఇంకా నిలబడే ఉంది. అందులో మగ్గమూ లేదు, తాళ్ళూ లేవు. బయట వాన కురుస్తూనే ఉంది. మేస్త్రీగారు తన ఆలుబిడ్డలతో వచ్చి, అప్పుడు తప్పిపోయిన తొలి వాన భోజనం ఇప్పుడు ఆ గదిలో చేస్తే చాలు. తప్పు నాదేనని ఒప్పుకుంటాను."

"ఇందులో కష్టమేముంది?" అన్నాడు రాజు. అందరూ నాంచారమ్మ ఇంటికి కదిలారు.

గదిలో విస్తళ్ళు వేశారు. కనకలింగం భార్య అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది. ఆమెకు ఏమీ తెలియదు. పక్కనే చిన్నపాప, చెవులకు కొత్త కమ్మలు పెట్టుకుని, పెళ్ళి భోజనానికి వచ్చినంత సంబరంగా ఉంది. విస్తరి చూసి గడప దాటబోయింది.

"వద్దు! పాపను లోపలికి పోనివ్వకే!" అని కనకలింగం గావుకేక పెట్టి, బిడ్డను రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు.

పెంకుల మీద వాన కురుస్తూనే ఉంది.

"అయితే నీకు తెలుసన్నమాట," అంది నాంచారమ్మ. "నీ బిడ్డను క్షణం నిలబెట్టడానికి భయపడిన కప్పు కింద నన్ను బతకమన్నావా, మేస్త్రీ?"

రాజు స్వయంగా కనకలింగం మెడలోని బిళ్ళ తెంపాడు. "దీన్ని కరిగించండి. ఇక మీదట ఇతను తాపీ పట్టడానికి వీల్లేదు. ఇతను చెడగొట్టిన ఇళ్ళన్నీ వేరే మేస్త్రీలు మళ్ళీ కడతారు. ఇతను వాళ్ళకు ఇటుకలు మోస్తాడు," అన్నాడు.

అందరూ భళీ అన్నారు. నాంచారమ్మ అనలేదు.

"ఇంకొక విస్తరి మిగిలింది ప్రభూ," అంది. "బిళ్ళ కట్టినవారు కూర్చోవాలి."

త్రిలోచనుడు కప్పు వంక చూశాడు. గడప ఇవతలే ఉండిపోయాడు.

"ఆ బిళ్ళ మీద ఉన్న నెమలి ఎవరిది ప్రభూ?" అని అడిగింది ఆమె, మెల్లగానే.

రాజు ముఖం ఎర్రబడింది. తర్వాత పాలిపోయింది. త్రిలోచనుడి చేతి నుంచి అధికారపు ఉంగరం తీయించాడు. ఆ రోజు నుంచి తొలి వాన భోజనానికి మేస్త్రీతో పాటు, బిళ్ళ కట్టిన అధికారి కూడా తన పిల్లలతో వచ్చి కూర్చోవాలని చాటింపు వేయించాడు. చాటింపు విన్నాక పని రాకుండా బిళ్ళ కావాలనేవాళ్ళూ, పని చూడకుండా కడతామనేవాళ్ళూ చాలాకాలం కోనాపురంలో కనపడలేదు.

నాంచారమ్మ ఇల్లు మళ్ళీ లేచింది. ఇటుకలు నానాయి, సున్నం గానుగలో మెత్తగా నలిగింది. తొలి వానకు కొత్త మేస్త్రీ, కొత్త అధికారి, వాళ్ళ పిల్లలు వరసగా కూర్చుని తిన్నారు. చుక్క కారలేదు. నాంచారమ్మ ఎడమచేత్తో వడ్డించింది, మెతుకులు కింద పడుతుంటే ఎవరూ ఏమీ అనలేదు. ఆ పక్క గదిలో మగ్గం గుంట పొడిపొడిగా ఉంది. ఇక దానిలో కూర్చుని నేసే చెయ్యి లేదు.

పిల్లలూ, తన బిడ్డను కూర్చోబెట్టలేని కప్పు కింద పరాయి బిడ్డను ఉంచేవాడి మెడలో ఎంత గొప్ప బిళ్ళ ఉన్నా వాడు పనివాడు కాడు; తొలి మొర విననివాళ్ళు ఆఖరున ఎంత చక్కని తీర్పు చెప్పినా, పోయిన చెయ్యి తిరిగి రాదు.