గూట్లో తాయెత్తు

కాలేషా కుడి చెయ్యి పైకి లేవడం లేదు. దర్గా గోడకు సున్నం కొడుతూ నిచ్చెన మీంచి పడి విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది, కట్టూ విప్పారు. కానీ అన్నాళ్లూ కదలక భుజం బిగుసుకుపోయింది. చలికాలంలో గంధం పండగ. గంధం కుండను రెండు చేతులా పట్టి నెత్తిన మోసేది తాతల నాటి నుంచి వాళ్లింటివాళ్లే. ఈ ఏడు అది వేరేవాళ్ల నెత్తికెక్కుతుందేమోనని అతనికి కంటి మీద కునుకు లేదు.

ఏడుపు మొహంతో దర్గా పెద్ద పీరు సాహెబు దగ్గరికొచ్చాడు.

"హజరత్, ఒక తాయెత్తు కట్టండి."

"ఆస్పత్రిలో ఫిజియోథెరపీ అమ్మ దగ్గరికి పంపాను కదరా. ఏమంది?"

"మందే లేదంది హజరత్! కాపడం పెట్టుకుని, గోడ మీద వేళ్లు పాకించాలట. రోజూ నిన్నటికంటే కాస్త పైకి. బిగుసుకున్న కీలు కదిలిస్తేనే వదులవుతుందట, బలం ఆ తర్వాత తెప్పిస్తుందట. రెండ్రోజులు చేశా. ప్రాణం పోయిందనుకోండి. మానేశా."

"సరే" అన్నాడు పీరు సాహెబు. తాయెత్తు రాసి, ఎర్రదారం కట్టి, లేచి వెళ్లి గోడలో పైగూట్లో పెట్టాడు. దారం కొస గూటి అంచున కనబడుతోంది.

"తీసుకో. కుడిచేత్తోనే. ఎడమచెయ్యి తగిలిందా, ఇక ఎందుకూ పనికిరాదు. పీట ఎక్కకు, ఎగరకు. వేళ్లతో పాకుతూ పో."

ఏం చేస్తాడు పాపం! మర్నాటి నుంచి కాపడం, గోడ. "యా అల్లా!" అని ఒక అరుపు, వేలెడు ఎత్తు. ఒకనాటికి రొమ్ము దాకా, ఇంకొకనాటికి గడ్డం దాకా. చెవి దాటిన రోజు చూడాలి అతని సంబరం! దర్గా వంటశాలలోకి పరుగెత్తి, గరిటె తిప్పేవాళ్లను లాక్కొచ్చి మరీ చూపించాడు. తెల్లటి గోడ మీద వేళ్ల మరకలు చీమలబారులా పైకి పోతున్నాయి.

చలి మొదలైంది. ఒక పొద్దున ఎర్రదారం వేలికి తగిలింది. లాగాడు. వచ్చేసింది!

"దొరికింది! హజరత్, దొరికింది!" దర్గా అంతా వినబడింది. పరుగున వచ్చి మెడ వంచాడు. "కట్టండి!"

పీరు సాహెబు గంధపుచెక్క అరగదీస్తున్నాడు. తలెత్తలేదు.

"ఎక్కడిదక్కడ పెట్టేసి రారా. కుండ కడగాలి."

కాలేషా మొహం చిన్నబోయింది. గోడ దగ్గరికి వెళ్లి, చెయ్యెత్తి, తాయెత్తును గూట్లో పెట్టాడు.

పెట్టి, చెయ్యి దించకుండా అలాగే నిలబడిపోయాడు. ఈసారి వేళ్లు గోడను తాకనే లేదు.